పొగ ఎటు పోతుందో చూసే మనిషి

మా ఆయన దూలయ్య చాలా మంచివాడని మా వీధిలో అందరూ అంటారు. అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. అబద్ధమని కాదు, నిజమని. మంచివాడు పక్కింట్లో ఉంటే ఎంత సుఖమో, మనింట్లో ఉంటే ఎంత కష్టమో కాపురం చేసినవాళ్ళకు తెలుస్తుంది. నేను ముప్పై ఆరేళ్ళుగా చేస్తున్నాను.

ఆయన కొత్తగూడెం దగ్గర బొగ్గుబావిలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాడు. అందులో చివరి పంతొమ్మిదేళ్ళు షాట్ ఫైరర్. అంటే బొగ్గు గోడకు రంధ్రాలు వేయించి, వాటిలో మందు కూరి, అందరినీ దూరం పంపి, పేల్చే మనిషి. పేల్చడం పెద్ద పని కాదట. పేల్చాక లేచే పొగతోనే అసలు పనట. భూమి లోపల గాలి ఒక దారిన వస్తుంది, ఇంకో దారిన పోతుంది. ఇక్కడ లేచిన పొగ, అది పోయే దారిలో పనిచేసుకుంటున్న ఇంకో ముఠా ముక్కుల్లోకి పోతుంది. అందుకని మా ఆయన జేబులో ఎప్పుడూ తెల్లపొడి పొట్లం ఉండేది. చిటికెడు గాలిలోకి వదిలి, అది ఎటు కొట్టుకుపోతుందో చూసి, ఆ దిక్కు ఎవరున్నారో కనుక్కుని, నడిచి పోయి వాళ్ళకు చెప్పి, వాళ్ళు పక్కకు జరిగాక తిరిగి వచ్చి అప్పుడు పేల్చేవాడు. ఆయన పేల్చిన పొగకు ఒక్క మనిషి కూడా దగ్గలేదని రిటైరైన రోజు శాలువా కప్పి మరీ చెప్పారు. నేనూ చప్పట్లు కొట్టాను. కొట్టకుండా ఎలా ఉంటాను, మొదటి వరసలో కూర్చోబెట్టారు.

ఇదంతా బావిలో ఉన్నంతకాలం బాగానే ఉంది. ఆయన దాన్ని పైకి మోసుకొచ్చాడు. అక్కడొచ్చింది తంటా.

మేము క్వార్టర్లలో ఉన్న రోజుల్లో ఇంటింటికీ బొగ్గుల పొయ్యే. బొగ్గు కణకణలాడేదాకా అది కక్కే పొగ ఇంతా అంతా కాదు. తెల్లవారితే అందరూ ఎవరి గుమ్మం ముందు వాళ్ళు పొయ్యి పెట్టుకుని అంటించేవారు. అందరి పొగా అందరికీ వచ్చేది, అందరూ కలిసే దగ్గేవారు. మా ఆయన మాత్రం ఫస్ట్ షిఫ్టుకు పోయే ముందు వాకిట్లో నిలబడి గుప్పెడు దుమ్ము ఎగజల్లేవాడు. అది పోయిన దిక్కును బట్టి పొయ్యిని ఒకరోజు నల్లా దగ్గరికి, ఒకరోజు మోరీ పక్కకు, ఒకరోజు లైను చివర కరెంటు స్తంభం దాకా మోసుకుపోయి పెట్టేవాడు. పెట్టి, టిఫిన్ డబ్బా పట్టుకుని డ్యూటీకి పోయేవాడు. మరి ఆ పొయ్యి పక్కన గొంతుక్కూర్చుని విసనకర్ర ఊపేదెవరు? నేను. ఎవరికీ తగలకుండా ఆ పొగంతా నేనొక్కదాన్నే తాగాను. దూలన్న ఉన్న లైనులో పిల్లలకు దగ్గే రాదని ఆడవాళ్ళు మురిసిపోయేవారు. నా దగ్గు ఎవరికీ వినపడలేదు, స్తంభం దగ్గర కూర్చున్నదాన్ని కదా.

ఆయన రిటైరైన ఏడాది ఇద్దరం పరీక్షలు చేయించుకున్నాం. ముప్పై ఒక్క ఏళ్ళు భూమి లోపల తిరిగిన మనిషి ఎక్స్‌రే అద్దంలా ఉంది. నాది వెలుతురుకు పెట్టి చూసి డాక్టరు, "మీరు ఏ బావిలో పనిచేశారమ్మా?" అన్నాడు. నేను అంగన్‌వాడీ టీచర్‌ని సార్ అన్నాను. ఏళ్ళ తరబడి పొయ్యి పొగ పీల్చారా అని అడిగాడు. నేను మా ఆయన వంక చూశాను. ఆయన గోడ మీద క్యాలెండర్ చూస్తున్నాడు.

దీపం కిందే చీకటి అంటారు. మా ఇంట్లో ఆ చీకటి పేరు శోభారాణి, అంటే నేనే.

ఇక జాతర సంగతి. మా ఇంటి దేవత సమ్మక్క. మేడారం దాకా పోయే ఓపిక తగ్గినప్పటి నుంచి, పదహారేళ్ళుగా పాల్వంచ అవతల అడవిలో ఒక వాగు గట్టున జరిగే చిన్న జాతరకే పోతున్నాం. అదీ రెండేళ్ళకోసారే. నాలుగు రోజులు గుడారం వేసుకుని ఉంటాం. అమ్మవార్ల గద్దెల దగ్గర జనం ఒకరి మీద ఒకరు పడుతుంటారు, పొయ్యిల పొగకు మనిషికి మనిషి కనపడడు. అందుకని మేము కిలోమీటరు దూరంలో, వాగు వంపు తిరిగే చోట దిగుతాం. అక్కడ మాకు జాతర పొరుగు ఉన్నారు. జాతర పొరుగంటే వేరే లెక్క. రెండేళ్ళకోసారి నాలుగు రోజులు మాత్రమే మనకు పక్కింటివాళ్ళు. ఆ నాలుగు రోజులూ ఉప్పు, పసుపు, తాడు, కత్తి, కష్టం, సుఖం అన్నీ ఇచ్చిపుచ్చుకుంటాం. ఐదో రోజు వాళ్ళ ఫోన్ నంబరు కూడా మన దగ్గర ఉండదు.

మా పొరుగు రెండు కుటుంబాలు. గట్టు మీద, అడవి అంచున చిన్నక్క వాళ్ళ గుడారం. ఆమెది లోపలి అడవిలో ఊరు, కోయవాళ్ళు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది, కట్టెల మోపు నెత్తిన పెట్టుకుని కోడళ్ళ కంటే ముందు నడిచి వస్తుంది. ఆమెకు కింద కుడివైపు మా గుడారం. ఎడమవైపు ఇల్లందు దగ్గరి తండా నుంచి వచ్చే మంగీలాల్ వాళ్ళు ఉండేవారు. ట్రాక్టరు కొన్నాక, దాన్ని వదిలి ఉండలేక గత రెండు జాతరల నుంచీ ఆయన పైన రోడ్డు పక్కనే దిగుతున్నాడు. ఇప్పుడు ఎడమవైపంతా ఉత్త ఇసుక.

సాయంత్రమైతే అడవి నుంచి వాగు మీదికి గాలి తిరుగుతుంది, మర్నాడు పొద్దెక్కేదాకా అటే ఉంటుంది. చిన్నక్క పొయ్యి ఆమె గుడారానికి కుడి మూలన. మూడు రాళ్ళు. జాతర అయ్యాక వాటిని అక్కడే మట్టిలో పూడ్చి పోతుంది, మళ్ళీ వచ్చినప్పుడు తవ్వి అక్కడే నిలబెడుతుంది. ఆ పొయ్యి అంటిందంటే పొగ సూటిగా, ఎవరో దారి చూపించినట్టు, మా గుడారం నోట్లోకి వస్తుంది.

"పోయి ఒక్కమాట జెప్పయ్యా" అని నేను పోయిన జాతరలోనే అన్నాను.

"గాళ్ళ పద్ధతి గది శోభా. పొయ్యి జాగ మార్చరు. మొక్కు పొయ్యి గావచ్చు. మనం ఏమనొద్దు" అన్నాడు మా ఆయన.

ఒకరి ఆచారాన్ని ఎవరు తప్పుపడతారు? నేను నోరు మూసుకున్నాను. ముక్కు కూడా మూసుకున్నాను. ఆ గురువారం సాయంత్రం నా ఊపిరి ఆగిపోయింది. నిజంగానే. లోపలికి పోయేది బయటికి రావడం లేదు. మెడికల్ క్యాంపుకు నన్ను మంచంతో సహా మోసుకుపోయి ఆక్సిజన్ సిలిండరు పెట్టారు. దూరంగా డోళ్ళు మోగుతున్నాయి, అమ్మ గద్దెకు వచ్చిందని జనం కేకలు పెడుతున్నారు, నేను ఒక ప్లాస్టిక్ మాస్కులోంచి గాలి పీల్చుకుంటూ పడుకున్నాను. అక్కడే మొక్కుకున్నాను. అమ్మా, వచ్చే జాతరకు నా బంగారం నా నెత్తిన పెట్టుకుని, నా కాళ్ళతో నేను నడిచి నీ దగ్గరికి వస్తాను అని. బంగారమంటే బెల్లమే, సమ్మక్క దగ్గర దాన్ని అలాగే అంటాం.

ఈసారి బయలుదేరే ముందు డాక్టరు వద్దే వద్దన్నాడు. మొక్కుంది సార్ అన్నాను. ఆయన విసుక్కుని, "అయితే పొగ తగలనీయకండి. మళ్ళీ అట్లా అయితే ఈసారి క్యాంపు సిలిండరుతో సరిపోదు" అన్నాడు. ఆ మాట అర్థం కానంత చిన్నదాన్ని కాదు.

"పొగ సంగతి నాకు ఇడిచిపెట్టుండ్రి సార్. నేను షాట్ ఫైరర్‌ను" అన్నాడు మా ఆయన ఛాతీ విరిచి.

బుధవారం పొద్దున ట్రాలీ ఆటోలో దిగాం. దిగీ దిగగానే ఆయన సంచిలోంచి జొన్నపిండి తీసి గాలిలోకి ఎగజల్లాడు. తినే పిండి. మా పొయ్యి వాగు వైపు పెట్టాడు. నేను ఎసరు పెట్టాను. అన్నం సగం ఉడికాక గాలి మారిందన్నాడు. ఎవరో మోటారుసైకిళ్ళ మీద వచ్చి కింద చాపలు పరుచుకున్నారు, వాళ్ళకు తగులుతుందట. మండుతున్న కట్టెలతో సహా పొయ్యి అటు మార్చాడు. చాపల మీద ఒకడు పొద్దున్నే తాగి పడుకుని ఉన్నాడు. వాణ్ణి భుజం పట్టి లేపి, "తమ్మీ, మా పొగ ఏమన్న తగుల్తుందా?" అని అడిగాడు. వాడు ఏ లోకంలో ఉన్నాడో, చేతులు జోడించి దండం పెట్టి మళ్ళీ పడుకున్నాడు. ఆ దండం చూసి మా ఆయన మురిసిపోయాడు. మధ్యాహ్నం రెండింటికి మేము తిన్నది అన్నమూ కాదు, జావా కాదు.

ఆ సాయంత్రం చిన్నక్క పొయ్యి అంటింది. పొగ వచ్చింది. ఆయాసానికి డాక్టరిచ్చిన పంపు నోట్లో రెండుసార్లు కొట్టుకున్నాను. గురువారం పొద్దున మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంకా చిక్కగా, పచ్చివాసనతో.

"ఏందయ్యా, నీకు ఇడిచిపెట్టమన్నవ్ గద పొగ సంగతి. పోయి జెప్పు."

"చెప్తగని, జర తాళు. పొద్దు పొద్దున్నే ఎట్ల జెప్త?"

పోయాడు. చిన్నక్క వాళ్ళ దగ్గర అరగంట కూర్చున్నాడు. కాల్చిన చిలగడదుంపలు రెండు పట్టుకుని వచ్చాడు. చెప్పావా అంటే, వాళ్ళు ఎంతో ప్రేమగా పెట్టారు, అప్పుడే ఎలా చెప్తానన్నాడు. రెండోసారి పోయి, వాళ్ళ చిన్నకొడుకు పెళ్ళి కబురు పట్టుకొచ్చాడు. శుభవార్త చెప్తుంటే పొగ మాట ఎలా ఎత్తుతానన్నాడు. మూడోసారి వాళ్ళకు కట్టెలు కొట్టిపెట్టి వచ్చాడు. కట్టెలు! నన్ను చంపే కట్టెలు తన చేతులతో కొట్టి, పేర్చి మరీ వచ్చాడు.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు శోభా" అన్నాడు.

"నోరు తెరిస్తే గద మంచిదో చెడ్డదో తెలిసేది" అన్నాను.

సాయంత్రం నాలుగు దాటింది. మర్నాడు శుక్రవారం, మొక్కులు ఇచ్చే రోజు. నేను కిలోమీటరు నడవాలి, నెత్తిన ఐదు కిలోల బెల్లం ముద్దతో. ఈ సాయంత్రం కూడా పొగ తాగితే, రేపు నడవడం మాట అటుంచి, నన్ను మళ్ళీ మంచంతోనే ఎత్తాలి. అది కూడా అదృష్టం బాగుంటే. ఇక ఈయన్ని నమ్ముకుంటే లాభం లేదని, కొంగు నాలుగు మడతలు పెట్టి ముక్కుకు అడ్డం పట్టుకుని, నేనే గట్టు ఎక్కాను. పది అడుగుల గట్టు. రెండుసార్లు ఆగాను.

చిన్నక్క పొయ్యి దగ్గర కూర్చుని పసుపు నూరుతోంది. నన్ను చూసి లేచింది.

"ఏంది చెల్లె, గట్ల ఆయాసపడుతున్నవ్? కూసో, కూసో" అని పొయ్యి పక్కనే చాప వేసింది. నేను పొగ రాని వైపు, దూరంగా నిలబడ్డాను.

"అక్కా, ఒక్కమాట అడుగుత, తప్పుగ అనుకోకు. మీ ఆచారాన్ని ఏమన్న అంటున్ననని అనుకోకు. ఈ రెండు దినాలు పొయ్యి జర అటు జరుపుకుంటే అమ్మకు కోపమొస్తదా?"

"ఏం ఆచారం?" అంది చిన్నక్క.

"పొయ్యి జాగ మార్చరు గదా మీరు. మొక్కు పొయ్యి గదా."

"ఎవలు జెప్పిండ్రు?" ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. "మాకు రాళ్ళు యాడ వెడితే ఆడ పొయ్యి. ఈ జాగ మీ ఇంటాయన చూపిచ్చిందే గదా చెల్లె."

నేను కొంగు కిందికి దించాను. "మా ఆయనా?"

"మీ ఆయనే. మంగీలాల్ కోడలు ఇరవై దినాల పసిగుడ్డును ఎత్తుకొని రాలే? గప్పుడు. నేను ఎడమ మూలకు పొయ్యి వెట్టుకున్న. మీ ఆయన ఉరికొచ్చి, పిండి ఇట్ల ఎగజల్లి చూసి, అక్కా, ఆడ వెడితే బాలింత గుడారంల వడుతది పొగ, ఈ కుడి మూలకు వెట్టుకో అన్నడు. గటు మీ గుడారం ఉన్నది గద తమ్మీ అన్న. మాకేంగాదు, మేం సదురుకుంటం అన్నడు. రాళ్ళు గూడ ఆయనే మోసి వెట్టిండు."

నేను లెక్కపెట్టుకున్నాను. నాలుగు జాతరల కింద. ఎనిమిదేళ్ళు. ఆ పసిగుడ్డు ఇప్పుడు మూడో తరగతి చదువుతోంది. పొద్దున్నే పీచుమిఠాయి తింటూ మా గుడారం ముందు నుంచే పోయింది.

"మరి ఆ తర్వాత గూడ ఈడనే ఎందుకు వెట్టిన్రు అక్కా? మంగీలాల్ వాళ్ళు ఆడ లేనే లేరు గదా?"

"పెద్దమనిషి చూపిచ్చిన జాగ. అడగకుంట ఎట్ల మారుస్తం? ఆయన ఏమన్న అనుకుంటడేమోనని రాళ్ళను గూడ ఆడనే పూడ్చి పోతున్నం" అంది చిన్నక్క. తర్వాత కొంచెం గర్వంగా, "మీకు పొగ కావాలేమో, దోమలు రాకుంట పెట్టిచ్చుకున్నరేమో అనుకున్న. అందుకే ఈసారి మీ దిక్కు బాగ పోవాలని పొద్దుగాల రెండు పచ్చికొమ్మలు గూడ ఏసిన" అంది.

పచ్చికొమ్మలు. ఆ చిక్కటి పొగ, ఆ పచ్చివాసన, నా మీద ప్రేమతో వేసినవి. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చిన్నక్క వాళ్ళు మా ఆయన మాటకు మర్యాద ఇచ్చారు. మా ఆయన వాళ్ళకు లేని ఆచారానికి మర్యాద ఇచ్చాడు. నేను ఇద్దరి మర్యాదకూ మర్యాద ఇచ్చి సిలిండరు దాకా పోయి వచ్చాను. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక్కడ అడగకుండానే అందరూ కలిసి పొగ పెట్టారు.

"ఇప్పుడే వస్త అక్కా" అని గట్టు దిగాను. నేనే జరపమని చెప్పేసి ఉండొచ్చు. ఆమె జరిపేదే. కానీ ఆ మాట నేను చెప్పకూడదనిపించింది. చెప్పాల్సినవాడు కింద కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాడు.

"పేల్చే ముందు బావిల ఎవరికి జెప్పేటోనివి?" అని అడిగాను.

ఆయన తలెత్తాడు. "పొగ పోయే దిక్కు ఉన్నోళ్ళకు."

"చిన్నక్క పొయ్యిని గీ దిక్కు తిప్పిందెవరు?"

కత్తి ఆగింది. ఆయన ముఖంలో అన్నీ ఒక్కొక్కటే గుర్తుకు రావడం నాకు కనిపించింది. బాలింత, పిండి, మూడు రాళ్ళు.

"అవ్" అన్నాడు. "నేనే. మర్చేపోయిన శోభా."

మర్చిపోయాడు! తాను చేసిన పనిని తానే మర్చిపోయి, దానికి వాళ్ళ ఆచారమని తానే పేరు పెట్టి, ఎనిమిదేళ్ళు దానికి భయపడ్డాడు.

"గీ దిక్కు ఎవరున్నరని తిప్పినవ్?"

"మనమే గదా."

"మనం గాదు. నువ్వు గద్దెల కాడుంటవ్, మంది పొయ్యిల కాడుంటవ్, తాగి పన్నోని చాప కాడుంటవ్. గుడారంల ఉండేది నేను. నాకు జెప్పినవా?"

ఇది ఒక్క గుక్కలో అనలేకపోయాను. మూడుసార్లు ఆగి, మధ్యలో పంపు కొట్టుకుని అన్నాను. కోపంగా ఉన్నప్పుడు ఊపిరి చాలకపోవడం కంటే అవమానం ఇంకొకటి లేదు.

"నువ్వు నా మనిషివే గదా" అన్నాడు మెల్లగా. ఆయన దృష్టిలో అది జవాబు. అంత ప్రేమగా అన్నాడు, ఆయన్ని కత్తిపీటతో సహా ఎత్తి వాగులో వేయాలనిపించింది.

"నీ మనిషినైతే నాకు ఊపిరితిత్తులు ఉండయా?"

ఆయన లేచి గుడారం తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. "మనమే కిందికి జరుగుదం. పది నిమిషాల పని" అన్నాడు.

చూశారా? ఇదీ దూలయ్య. కట్టిన గుడారం పీకుతాడు, వండిన వంట మోస్తాడు, పెళ్ళాన్ని ఇసుకలో ఈడుస్తాడు, కానీ ఎదుటి మనిషిని ఒక్క మాట అడగడు. ఇతరుల కోసమైతే ఎవరికైనా ఏమైనా చెప్తాడు. బావిలో ఉన్నప్పుడు మేనేజరుకైనా చెప్పాడు. తనవాళ్ళ కోసం అడగాల్సి వస్తే మాత్రం నాలుక అంగిటికి అంటుకుపోతుంది. అడిగితే తక్కువైపోతామని కాదు, అడిగితే ఎదుటివాళ్ళకు ఇబ్బంది అని. ఆ ఇబ్బందులన్నీ తెచ్చి తెచ్చి నా ఛాతీలో పెట్టాడు.

"తాళ్ళు కట్టు. గుడారం జరగదు. పోయి అడుగు" అన్నాను.

"నువ్వే అడిగొచ్చినవ్ అనుకున్న."

"నేను అడగలే. నువ్వు అడుగు."

పోయాడు. గట్టు కింద నుంచి నాకు అంతా వినిపిస్తోంది. ముందు వర్షాల గురించి మాట్లాడాడు. తర్వాత ఇప్పపూలు ఈసారి ఎట్లా ఉంటాయో అడిగాడు. తర్వాత పెళ్ళికొడుకు ఏం చేస్తాడని అడిగాడు, పొద్దున అడిగినదే. తర్వాత మాటలు అయిపోయాయి.

"అక్కా" అన్నాడు చివరికి. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు, బడిలో తప్పు చేసి నిలబడ్డ పిల్లవాడి గొంతు. "మా శోభకు ఊపిరి ఆడుతలేదు. పోయిన జాతరకే పోవలసిన మనిషి. గీ పొయ్యి జర అటు జరుపుతరా?"

"అయ్యో, గిది ముందుగాల జెప్పొద్దా తమ్మీ!" చిన్నక్క అరిచిన అరుపుకు ఆమె కోడళ్ళు ఇద్దరూ బయటికి వచ్చారు. "సిలిండరు వెట్టిన్రంటే గుండె రోగమేమో అనుకున్నం. మా పొగ అని ఒక్కలన్న జెప్పిండ్రా? మేమేమన్న పరాయోళ్ళమా?"

ఒక కోడలు కుండ దించింది. ఇంకొకామె మండే కట్టెలు ఒక్కొక్కటే లాగి ఎడమ మూలకు తీసుకుపోయింది. చిన్నక్క గునపంతో రాళ్ళు పెళ్ళగించి, పాత గుడ్డతో పట్టుకుని మోసింది. మా ఆయన సాయం పోతే, నువ్వు పక్కకు జరుగు, నువ్వు చేసిన సాయం చాలు అని తిట్టింది. మొత్తం అయిదు నిమిషాలు పట్టింది. నేను ఫోన్‌లో చూశాను. నాలుగు నలభై ఆరుకు మొదలుపెట్టి నాలుగు యాభై ఒకటికి మళ్ళీ కుండ ఎక్కించారు.

అయిదు నిమిషాలు. అప్పుడు ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు. ఎవరైనా శత్రువు చేస్తే కోపానికి ఒక చోటుంటుంది. ఇక్కడ అందరూ మంచివాళ్ళే, అందరూ నా మేలు కోరినవాళ్ళే, పని అయిదు నిమిషాలదే. దానికి నా ఊపిరి సగం పోయింది. ఆ సగం ఇక రాదని డాక్టరు ఎప్పుడో చెప్పాడు.

మర్నాడు నడిచావా అని మీరు అడుగుతారు. నడిచాను. ఏడుసార్లు ఆగాను, రెండుసార్లు కూర్చున్నాను, బెల్లం ముద్ద మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు. గద్దె దగ్గర ఏం మొక్కుకున్నానో చెప్పను. కానీ నేను చెప్పాలనుకున్నది ఆ నడక గురించి కాదు, ఆ గురువారం సాయంత్రం ఇంకా ఒక పావుగంట మిగిలి ఉంది, దాని గురించి.

పొయ్యి జరిపాక మా ఆయన గట్టు దిగి వచ్చాడు. చెమటలు కారుతున్నాయి. మూడు షిఫ్టులు చేసినవాడిలా ఉన్నాడు. "అయిపోయింది. ఇగ రాదు" అన్నాడు, నా ఎదురుగా కూలబడి.

నిజానికి పొగ చాలావరకు అటు ఇసుక మీదికి పోతోంది. కానీ జరిపేటప్పుడు జారిపడ్డ ఒక పచ్చికొమ్మ పాత మూలలోనే ఉండిపోయింది. దాని నుంచి సన్నటి పొగ వచ్చి గుడారం మూలను నాకుతోంది. చాలా కొంచెం. పాత శోభారాణి అయితే దాన్ని చూసి కూడా చూడనట్టు ఊరుకుని, ఆయన ముఖంలో అలసట చూసి, చాలు పోనీ అని కొంగు మూతికి అడ్డం పెట్టుకునేది.

"ఇంకా వస్తుంది" అన్నాను.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. "గా కొంచెమే గదా."

"కొంచెమే. పోయి జెప్పు."

"గిప్పుడే గద శోభా జరిపిండ్రు. మళ్ళ ఎట్ల అడుగుత? ఏమనుకుంటరు?"

"ఇందాక ఎట్ల అడిగినవో గట్లనే అడుగు."

లేచి పోయి ఆ కొమ్మను తానే తీసిపారేస్తాడేమో అనుకున్నాను. అది ఆయనకు సులువు. నేను ఆయన వంకే చూస్తూ కూర్చున్నాను. ఆయన నా ముఖం కేసి, నా ఛాతీ ఎగిరెగిరి పడడం కేసి, మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. తర్వాత తువ్వాలుతో చేతులు తుడుచుకుని మళ్ళీ గట్టు ఎక్కాడు.

"అక్కా" అన్నాడు. ఈసారి వర్షాల గురించి మాట్లాడలేదు.